ఎర్ర గిన్నెలో పిక్కలు

వెంకటదుర్గ ఇంట్లో గింజ ఉన్న చింతపండు కొనరు. రామచంద్రపురం బజారంతా తిరిగినా సరే, గింజ తీసిందే తెస్తుంది. "గింజ తీసుకోడానికి కూడా ఓపిక లేదు మహాతల్లికి" అని పక్కింటివాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. చింతపండు పిసుకుతుంటే ఒక్క పిక్క వేళ్లకు తగిలిందంటే ఆవిడ చెయ్యి గిన్నెలోనే ఆగిపోతుందనీ, ఆ పూట పులుసు ఆవిడ మొగుడు సత్యప్రసాదే కాచుకోవాల్సొస్తుందనీ వాళ్లకేం తెలుసు. సత్యప్రసాద్ ఎరువుల కొట్లో గుమాస్తా. పులుసు బాగానే కాస్తాడు.

ఒకప్పుడు పిక్కల విషయంలో ఆవిడ తరవాతే ఎవరైనా. అష్టాచెమ్మా ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ ఆడనివాళ్ల కోసం చెబుతున్నాను. చింతపిక్కని గరుకు గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే నల్లతొక్క పోయి తెల్లటి ముఖం తేలుతుంది. అలాంటివి నాలుగు తీసి పందెం వేస్తారు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండింట్లో ఏదో ఒకటి పడితేనే కాయ గడిలోకి దిగుతుంది. పడకపోతే ఎంత మొనగాడైనా గట్టునే కూర్చోవాలి.

కీలకమంతా అరగదీయడంలో ఉంది. పిక్కని సరిగ్గా సగానికి తియ్యాలి. కాస్త తక్కువ తీశామా, అడుగు బరువుగా ఉండి ఎప్పుడూ తెల్లముఖమే పైకొస్తుంది. కాస్త ఎక్కువ తీశామా, పల్చటి రేకైపోయి ఎప్పుడూ నల్లముఖమే పైకొస్తుంది. వెంకటదుర్గ బొటనవేలితో తడిమి చెప్పేసేది, ఇది సగం, ఇది సగం కాదు అని. వీధిలో ఆటకి గొడవొస్తే "దుర్గమ్మగారి పిక్కలు తెండి" అనేవాళ్లు. ఆవిడ పిక్కలతో ఆడి ఓడినవాళ్లు మారు మాట్లాడేవాళ్లు కాదు.

రెండువేల మూడు ఎండాకాలంలో దొరబాబుగారికి ఒక ఆలోచన వచ్చింది. దొరబాబుగారంటే ఊళ్లో సగం ఇళ్లకి కేబుల్ వైరు లాగినాయన. సొంతంగా ఒక చానల్ కూడా నడిపేవాడు. పొద్దున్న భక్తిపాటలు, మధ్యాహ్నం పెళ్లి వీడియోలు, సాయంత్రం బట్టలకొట్ల ప్రకటనలు. పెద్ద చానళ్లలో పోటీలు చూసి ఆయనకీ బుద్ధి పుట్టింది. ఎనిమిదిమంది ఆడవాళ్లు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం లైవులో ఇద్దరి మధ్య ఒక అష్టాచెమ్మా, ఓడినావిడ ఇంటికి. మధ్యలో వాళ్ల ఇళ్లకి కెమెరా వెళ్లి వంటా వార్పూ, కష్టం సుఖం అన్నీ చూపిస్తుంది. చివరికి మిగిలినావిడకి కొత్త మోపెడ్. పేరు 'పండితే పండగ'. పిక్కలు తయారుచేసి, పందెం లెక్క చెప్పడానికి ఒక నమ్మకమైన మనిషి కావాలంటే ఊరంతా ఒకే పేరు చెప్పింది.

వెంకటదుర్గ పేరు అప్పటిదాకా రేషన్ కార్డులో తప్ప ఎక్కడా అచ్చవలేదు. మొదటి ఆదివారం ఆట మొదలయ్యే ముందు తెర మీద పచ్చటి అక్షరాలతో 'న్యాయనిర్ణేత: శ్రీమతి వెంకటదుర్గ' అని వచ్చింది. సత్యప్రసాద్ ఇంట్లో ఆ ముక్క చూసి పీట మీంచి లేచి నిలబడ్డాడట. ఆ సంగతి తెలిశాక ఆవిడ వారం రోజులు నేల మీద నడవలేదు. ఈ మాట దాచాల్సిన పనేం లేదు. పేరంటే ఎవరికి చేదు.

ఆ ఎనిమిదిమందిలో ఒకావిడ తలుపులమ్మ. తాళ్లరేవు అవతల ఉప్పుటేరు ఒడ్డు పల్లె. మొగుడు బుల్లియ్య వేటకెళ్తాడు. ఈవిడ చేపలు గంపకెత్తుకుని మొదటి బస్సులో ద్రాక్షారామం మీదుగా వచ్చి మన వీధుల్లో అమ్ముతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నుదుట పెద్ద బొట్టు, ఉప్పుకి చిట్లిన చేతులు. పందెం వేసేముందు పిక్కల్ని గుప్పిట్లో పట్టుకుని నుదుటికి ఒకసారి ఆనించుకునేది. ఆ తరవాత చెయ్యి అలా విదిలిస్తే అష్టా అన్నా చెమ్మా అన్నా ఏదడిగితే అది పడేది. మొదటి ఆట పన్నెండు నిమిషాల్లో ముగించేసింది. రెండోది పదిహేను.

కెమెరా తలుపులమ్మ పల్లెకి కూడా వెళ్లింది. అక్కడ తెలిసింది ఆవిడ చేతి సంగతి. పల్లెలో ఎవరు కొత్త వల కట్టినా పసుపునీళ్లతో తొలిచెయ్యి వెయ్యడానికి తలుపులమ్మనే పిలుస్తారు. కొత్త పడవ దిగినా అంతే. పురిటింట్లో బిడ్డకి తొలిసారి తేనె నాకించేదీ ఆవిడే. ఎవరి వేలు ముందు నోట్లో పెడితే వాళ్ల అదృష్టం బిడ్డకి వస్తుందని వాళ్ల నమ్మకం. "దేవుడు నాకు చదువియ్యలేదండి, ఇల్లియ్యలేదండి. చెయ్యిచ్చేడు" అంది కెమెరాలోకి చూసి. మోపెడ్ గురించి అడిగితే చెప్పింది. "బస్సులో గంప పెడితే అందరూ ముక్కులు మూసుకుంటారండి. తప్పు కాదు లెండి, వాసనొస్తది మరి. బండొస్తే నేనే నడుపుతాను. ఎవరి ముక్కుకీ కష్టం ఉండదు." అలా అని నవ్వింది. ఆ నవ్వుతో ఊరు ఊరంతా ఆవిడ వైపు తిరిగిపోయింది.

ఆఖరి ఆట తలుపులమ్మకీ మాణిక్యాంబగారికీ పడింది. మాణిక్యాంబగారు వెల్ల రోడ్డులో ఇరవై ఎకరాల రైతుగారి భార్య. మంచావిడ. సరదాకొచ్చి, గెలుస్తూ గెలుస్తూ అంతదూరం వచ్చేసింది.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం దొరబాబుగారు కాజాల పొట్లం పట్టుకుని వెంకటదుర్గ ఇంటికొచ్చాడు. మంచినీళ్లు తాగి, వేసవి గురించి మాట్లాడి, మెల్లిగా అసలు మాటకొచ్చాడు.

"అక్కయ్యగారండి, తలుపులమ్మ ఆడితే పన్నెండు నిమిషాల్లో అయిపోతందండి. నేను గంట ఆట అని చెప్పి ప్రకటనలు ఒప్పుకున్నాను."

"పందెం అలా పడతందండి ఆవిడకి. మనమేం చేస్తాం."

"అదేనండి నా బాధ. ఎవరు గెలుస్తారా అని చూస్తే సరదా గానీ, ఎప్పుడు గెలుస్తదా అని చూస్తే ఏం సరదా అండి? జనానికి ఊపిరాడకూడదు. అదీ ఆటంటే."

"ఓడించమంటారా ఏంటి?" అంది వెంకటదుర్గ.

"అయ్యయ్యో, అంత మాటెందుకండి. ఓడించమని కాదు, కాస్త ఆలస్యం. ఎవరి పిక్కలు వాళ్లకి పెడదాం. ఈవిడకి ఎర్ర గిన్నె, ఆవిడకి ఆకుపచ్చ గిన్నె. కెమెరాలో చూడ్డానికీ బావుంటది. ఎర్ర గిన్నెలోవి కొంచెం మొండిపిక్కలు వెయ్యండి. కాయలు దిగక పావుగంట తంటాలు పడతది. మొదటి బ్రేకులో మీరే మంచివి మార్చెయ్యండి. ఆ తరవాత ఆవిడ చెయ్యి ఆవిడది. ఎటూ గెలిచేది ఆవిడే కదండీ."

వెంకటదుర్గ ఆ సాయంత్రం మొగుడితో ఈ సంగతి చెప్పింది. సత్యప్రసాద్ పేపరు దించకుండా, "పావుగంటేగా" అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు అని ఊరికే అన్నారా.

మర్నాడు ఆవిడ పెరట్లో కూర్చుని ఎనిమిది పిక్కలు అరగదీసింది. నాలుగు సరిగ్గా సగానికి. మిగతా నాలుగింట్లో రెండు తక్కువ తీసింది, రెండు ఎక్కువ తీసింది. అంటే రెండు ఎప్పుడూ తెల్లగా, రెండు ఎప్పుడూ నల్లగా. నాలుగూ ఒకటవడమన్నది ఏ నూటికో ఒక్కసారి. ఆ మొండివి గచ్చు మీద వేసి చూసింది. రెండు. మళ్లీ వేసింది. రెండు. ఇరవైసార్లు వేస్తే పద్దెనిమిదిసార్లు రెండే పడింది. నిజం చెప్పాలంటే ఆ పని అంత బాగా కుదిరినందుకు ఆవిడకి లోలోపల ముచ్చటేసింది. పనిమంతురాలికి చేసేది పాపమైనా పనితనం కనిపిస్తుంది, ఏం చేస్తాం.

ఆదివారం ఫంక్షన్ హాలు మేడ మీద ఇసకవేస్తే రాలనంత జనం. తలుపులమ్మ పల్లె నుంచి రెండు ఆటోల్లో వచ్చారు. ఆవిడ కూతురు రమ్యశ్రీ ముందు వరసలో కూర్చుంది. పదో తరగతి పిల్ల, కొత్త లంగా ఓణీ. మోపెడ్‌ని దండ వేసి పక్కనే నిలబెట్టారు. వెంకటదుర్గ ఎర్ర గిన్నె తలుపులమ్మ ముందు పెట్టి, అంతకుముందు ఆటల్లో వాడిన పిక్కలున్న ఆకుపచ్చ గిన్నె మాణిక్యాంబగారి ముందు పెట్టింది. మంచి పిక్కలు నాలుగూ తన ఎడమ గుప్పిట్లో, పైటచెంగు కింద ఉన్నాయి.

తలుపులమ్మ గిన్నెలోంచి పిక్కలు తీసింది. నుదుటికి ఆనించుకోబోయి ఆగింది. ఒక పిక్కని బొటనవేలితో అటూ ఇటూ తిప్పింది. తల ఎత్తి వెంకటదుర్గ ముఖంలోకి చూసింది.

వెంకటదుర్గ నవ్వింది.

తలుపులమ్మ కూడా నవ్వి, పిక్కలు నుదుటికి ఆనించుకుని పందెం వేసింది. రెండు.

మాణిక్యాంబగారికి మూడో పందేనికి చెమ్మా పడింది. కాయ దిగింది. తలుపులమ్మకి రెండు. మళ్లీ రెండు. ఒకసారి మూడు. మళ్లీ రెండు. మొదట జనం నవ్వారు. ఆ తరవాత అయ్యో అన్నారు. పావుగంటయ్యేసరికి హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆవిడ చెయ్యి విదిలించినప్పుడల్లా మూడొందలమంది ముందుకు వంగేవాళ్లు. రెండు అని వెంకటదుర్గ లెక్క చెప్పగానే వెనక్కి వాలేవాళ్లు.

మొదటి బ్రేకు వచ్చింది. వెంకటదుర్గ ఎర్ర గిన్నె కోసం చెయ్యి చాచింది. దొరబాబుగారు కెమెరా వెనకనుంచి గబగబా వచ్చి చెవిలో అన్నాడు. "ఇప్పుడొద్దండి అక్కయ్యగారు. ఫోన్లు మోగిపోతన్నాయి. మండపేట నుంచి కూడా చేస్తన్నారు. ఇంకో పది నిమిషాలు."

అక్కడ ఆవిడ ఆగకుండా ఉండాల్సింది. గిన్నెలో నాలుగు పిక్కలు మార్చడం ఎంతసేపు. ఎవరూ ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. కానీ ఎదురుగా చిన్న టీవీలో ఊరంతటి ముఖాలూ కనిపిస్తున్నాయి, అందరూ తన నోటివైపే చూస్తున్నారు, తను రెండు అంటే నీరసపడుతున్నారు, అనబోయేముందు బతుకుతున్నారు. నలభై ఏళ్లలో తన మాట కోసం అంతమంది ఎదురుచూడ్డం ఆవిడెరగదు. ఆవిడకి సరదాగా ఉంది. నేను కల్పించి అనడం లేదు, ఆ తరవాత ఆవిడే చెప్పుకుంది ఈ మాట. సరదాగా ఉంది.

రెండో బ్రేకొచ్చేసరికి మాణిక్యాంబగారి కాయలు మూడు నడిగడి చేరి పండిపోయాయి. తలుపులమ్మది ఒక్కటే దిగింది, అది కూడా మధ్యలో చచ్చింది. ఇప్పుడు మార్చి ఏం లాభం, ఒక్కసారిగా పందాలు పడితే జనానికి అనుమానం రాదా అనుకుంది వెంకటదుర్గ. గుప్పిట్లో పిక్కలు చెమటకి తడిసిపోయాయి.

ఆట యాభై ఎనిమిది నిమిషాలు నడిచింది. ఓడిపోయాక తలుపులమ్మ ఏడవలేదు. పిక్కల వంక చూడలేదు, వెంకటదుర్గ వంక చూడలేదు. తన కుడిచెయ్యి విప్పి అరచేతిలోకి చూసుకుంది. ఎంతసేపు చూసుకుందంటే కెమెరావాడు ఆ చేతినే తెరంతా చూపించాడు. అందరూ అదే గుర్తుంచుకున్నారు. పిక్కలు బాగోలేవని ఆవిడ ఒక్క మాటన్నా ఎవరు నమ్ముతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనేవాళ్లు. అందులోనూ దుర్గమ్మగారి పిక్కలాయె.

ఊళ్లో అంతకంటే పెద్ద ఆట ఇంకోటి లేదన్నారు. దొరబాబుగారు వినాయకచవితికి ఆ ఆట టేపు మళ్లీ వేశాడు. దసరాకి వేశాడు. కరెంటు పోయి ఆట సగంలో ఆగితే జనం ఆఫీసుకి ఫోన్ చేసి తిట్టారు. ఏడాదికి నాలుగైదుసార్లు తలుపులమ్మ మళ్లీ మళ్లీ ఓడిపోతూనే ఉంది. ప్రతిసారీ పిక్కని బొటనవేలితో తిప్పడం, తల ఎత్తి చూడ్డం, వెంకటదుర్గ నవ్వడం. ఆ నవ్వు చోటికొచ్చేసరికి వెంకటదుర్గ లేచి పెరట్లోకి పోయేది. పెరట్లో కూర్చున్నా పక్కింటి టీవీలోంచి తన గొంతే వినపడేది. రెండు. రెండు. రెండు.

వీధిలో పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. తలుపులమ్మ గంపతో కనిపిస్తే గోడల వెనకనుంచి "రెండూ" అని అరిచేవాళ్లు. ఆవిడ మొదట్లో నవ్వేది. తరవాత ఈ వీధికి రావడం మానేసింది. మోపెడ్ మాణిక్యాంబగారి గొడ్లసావిట్లో గోనెపట్టా కప్పుకుని ఉంది. ఆవిడకి నడపడం రాదు. ఒకటి రెండుసార్లు కోడిపెట్టలు సీటు మీద గుడ్లు పెట్టాయని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

వెంకటదుర్గ ఒకసారి దొరబాబుగారి దగ్గరికెళ్లి, ఇంక ఆ ఆట వెయ్యొద్దని అడిగింది.

"జనం అడుగుతున్నారండి అక్కయ్యగారు. నేనేం చెయ్యను? ఆవిడకేమన్నా నష్టమా, అంత పేరొస్తేను."

సత్యప్రసాద్‌తో చెప్పుకుంటే, "ఆటంటే ఆటే. అందరూ ఆనందించేరు కదా. మర్చిపో" అన్నాడు. మర్చిపోవడానికే చూసింది. కానీ చేటలో బియ్యం చెరుగుతుంటే గింజల చప్పుడు పిక్కల చప్పుడులా వినపడేది. పంపు కింద గచ్చు కడుగుతుంటే చీపురు గరగరలో అరగదీసే చప్పుడు వినపడేది. మంచం మీద పడుకుని ఉత్తినే బొటనవేలితో చూపుడువేలు రుద్దుకునేది. ఎక్కువా, తక్కువా, సగమా అని. రెండు రకాల పిక్కల్నీ పారేద్దామని ఎన్నిసార్లనుకుందో లెక్కలేదు. కాలవలో వేస్తే మొలుస్తాయేమో అనిపించేది. అరగదీసిన పిక్క మొలవదని ఆవిడకి తెలుసు. అయినా అనిపించేది.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఇప్పుడు వీధిలోకి చేపలు తెచ్చేది మరిడమ్మ. ఆవిడదీ అదే పల్లె. ఒకరోజు అరుగు మీద కూర్చుని చందువా కోస్తూ మాటల్లో అంది.

"మా తలుపులమ్మకి మనవరాలు పుట్టిందండి. రమ్యశ్రీకి."

వెంకటదుర్గ అరుగు అంచుకి జరిగింది. "మరి తేనె ఆవిడే నాకించిందా?"

"ఎక్కడండీ. మీకు తెలవదా? ఆ టీవీలో ఓడిపోయింది కదండి, అప్పటినుంచీ ఎవరి వలమీదా చెయ్యెయ్యదు. మొదట్లో జనమే పిలవడం మానేశారు లెండి, ఆవిడ చెయ్యి మారిపోయిందని. తరవాత పిలిచినా రాదు. సొంత మనవరాలికి తేనె నాకించమంటే చేతులు వెనక్కి పెట్టేసుకుంది. నా చేత్తో దాని బతుకు పాడు చెయ్యను అందంట. బిడ్డ పుట్టి ఇరవై రోజులైంది, ఇంతవరకూ ఎత్తుకోలేదు."

చందువా అలాగే వదిలేసి వెంకటదుర్గ లోపలికెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఆవిడ, తను ఒక మోపెడ్ పోగొట్టాననుకుంది. బీరువా కింది అరలో ఎర్ర గిన్నె మొండిపిక్కలతో సహా ఉంది, మంచి పిక్కలు గుడ్డముక్కలో కట్టి ఉన్నాయి. రెండూ చేతిసంచిలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే తాళ్లరేవు బస్సెక్కింది.

పల్లెలో ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. టీవీ తలుపులమ్మ అంటే చూపించారు. ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి, ఎండుచేపల వాసన కొడుతోంది. తలుపులమ్మ చిక్కిపోయింది. గుర్తుపట్టి గబగబా చాప వేసింది.

"రండి దుర్గమ్మగారండి. ఇంత దూరం వచ్చేరేంటి? మజ్జిగ తాగుతారా?"

"ఏం వద్దు. కూర్చో తలుపులమ్మా, నీకో మాట చెప్పాలి."

కూర్చుంది. వెంకటదుర్గ ఎర్ర గిన్నె చాప మీద పెట్టింది. దాచకుండా అంతా చెప్పింది. కాజాల పొట్లం దగ్గర్నుంచి గుప్పిట్లో తడిసిన పిక్కలదాకా. తనకి సరదాగా ఉందన్న మాట కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ చాప మీది గీతల వంకే చూసింది. చివరికి, "నీ చెయ్యి మంచిదే. చెడ్డది నా చెయ్యి" అంది.

తలుపులమ్మ గిన్నెలోంచి పిక్కలు తీసి చాప మీద వేసింది. రెండు. ఏరి మళ్లీ వేసింది. రెండు. పది పన్నెండుసార్లు అలా వేస్తూనే ఉంది. అప్పుడు పిక్కలు వెంకటదుర్గ ముందుకి తోసింది.

"మీరెయ్యండి."

వెంకటదుర్గ వేసింది. రెండు.

"మీకూ రెండే" అంది తలుపులమ్మ. ఒక పిక్కని తీసి బొటనవేలితో తడిమింది. "ఇదేనండి. ఆ రోజే తెలిసింది నాకు, ఇది పల్చగా ఉందని. మీ ముఖంలోకి చూసేను. మీరు నవ్వేరు."

వెంకటదుర్గ తల దించుకుంది.

"మీరు నవ్వేరు కాబట్టి పిక్కలు మంచివే అనుకున్నాను. పిక్కలు మంచివైతే ఇంక చెడ్డదేంటండి? నా చెయ్యే కదా."

గొంతు పెద్దది చెయ్యలేదు, తిట్టలేదు. తిడితే బావుండునని వెంకటదుర్గ కూర్చున్న చోటే దేవుణ్ణి మొక్కుకుంది. సంచిలోంచి గుడ్డముడి తీసి విప్పింది. "ఇవి ఆ రోజు నా గుప్పిట్లో ఉన్నవి. సరిగ్గా సగానికి తీసినవి. ఒక్కసారి వెయ్యి తలుపులమ్మా. నీ చెయ్యేంటో నీకే తెలుస్తది."

తలుపులమ్మ వాటిని చూసింది. చెయ్యి ముందుకొచ్చింది. పిక్కల దాకా వచ్చి ఆగింది.

"వీటితో కూడా రెండే పడితే?" అంది. "అప్పుడు దేన్ననుకోమంటారండి?"

ఏ పిక్కలకైనా రెండు పడొచ్చు. సరైన పిక్కలకి ఒకసారి రెండు పడ్డం వింతేం కాదు. వెంకటదుర్గ ఆ మాట చెప్పబోయి, ఎలా చెప్పినా ఆవిడకి అది సంజాయిషీలాగే వినిపిస్తుందని తెలిసి గుడ్డముక్క అంచులు సర్దింది.

లోపల బిడ్డ ఏడ్చింది. రమ్యశ్రీ ఎత్తుకుని బయటికొచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెంకటదుర్గని పలకరించలేదు. తల్లి ముందు కూర్చుని, "ఇప్పుడైనా ఎత్తుకోవే అమ్మా" అంది.

"ఇలా తే" అంది తలుపులమ్మ.

రమ్యశ్రీ బిడ్డని తల్లి ఒళ్లో పడుకోబెట్టింది. తలుపులమ్మ రెండు మోకాళ్లూ దగ్గరికి చేర్చి, పిల్ల జారకుండా ఒడి సర్దుకుంది. ముఖంలో ముఖం పెట్టి చూసింది, నవ్వింది కూడా. చేతులు మాత్రం రెండు పక్కలా చాప మీదే ఉన్నాయి. బిడ్డ కాళ్లు ఆడిస్తూ ఒకసారి ఆవిడ మణికట్టుని తన్నింది. ఆవిడ ఆ చేతిని మెల్లిగా పైట కిందికి లాక్కుంది.

వెంకటదుర్గ లేచింది. ఎర్ర గిన్నె తీసుకోబోతే తలుపులమ్మ వద్దంది.

"అవి నా దగ్గరుంచండి. రోజూ ఒకసారి వేసి చూసుకుంటాను. రెండు పడ్డప్పుడల్లా నా తప్పు కాదని చేతికి చెప్పుకుంటాను. నాకు తెలిసింది కానండి, చేతికి తెలవడానికి టైం పడతది." గుడ్డముక్కలోని మంచి పిక్కల వంక గడ్డంతో చూపించింది. "అవి మాత్రం పట్టుకుపోండి."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ద్రాక్షారామం దగ్గర ఒకావిడ చేపలగంపతో ఎక్కింది. ముందు సీటులో ఇద్దరు ముక్కుల మీద చెంగులు వేసుకున్నారు. గంపావిడ ఎవరినీ చూడకుండా వెనక్కెళ్లి నిలబడింది. వెంకటదుర్గ కొంగుముడిలో పిక్కలు నాలుగూ బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా ఒకదానికొకటి తగులుతున్నాయి. రామచంద్రపురంలో దిగేదాకా ఆవిడ ఆ ముడిని గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. సరిగ్గా సగానికి అరగదీసిన పిక్కలవి. ఒక్కసారి కూడా ఎవరూ వెయ్యలేదు.